జింక్ ఫింగర్లు డీఎన్ఏలో తమ చోటును ఎలా గుర్తుపడతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట ఎమ్మెస్సీ పిల్లలకు మాలిక్యులర్ బయాలజీ చెబుతాను. ఏటా ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి అవే ప్రశ్నలు, అవే పొరపాట్లు. మొదట్లో ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో జవాబు పెట్టేదాన్ని. తర్వాత పిల్లల అమ్మానాన్నలు, మా ఊరి రైతులు కూడా అడగడం మొదలుపెట్టారు, అందుకని అన్నీ ఒకచోట రాస్తున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి. కానీ ఆరో ప్రశ్న మాత్రం వదలొద్దు, అసలు సంగతంతా అక్కడే ఉంది.

1. అసలు జింక్ ఫింగర్ అంటే ఏమిటి?

ప్రోటీన్‌లో ఒక చిన్న ముక్క. సుమారు 30 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ గొలుసులోని పూసలు, ఉంటాయి, అంతే. ఆ గొలుసు కొంత దూరం వెళ్లి వెనక్కి తిరిగి రెండు పట్టీల్లా పక్కపక్కనే పడుకుంటుంది, ఆ తర్వాత స్ప్రింగులా చుట్టుకుని ఒక ఆల్ఫా హెలిక్స్ అవుతుంది. పట్టీల వైపు నుంచి సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు, హెలిక్స్ వైపు నుంచి హిస్టిడిన్ అనేవి రెండు వచ్చి మధ్యలో ఒకే ఒక్క జింక్ అయాన్‌ను నాలుగు పక్కలా పట్టుకుంటాయి. ఇలాంటి ముక్కలు ఒక ప్రోటీన్‌లో వరసగా మూడు ఉండొచ్చు, తొమ్మిది ఉండొచ్చు, ఇంకా ఎక్కువా ఉండొచ్చు. మన ఒంట్లో ఈ రకం వేళ్లున్న ప్రోటీన్లకు జన్యువులు 700 పైనే ఉన్నాయి. జన్యువులను ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్లలో మనిషికి ఇంతకంటే పెద్ద కుటుంబం లేదు.

2. వేలు అనే పేరు ఎలా వచ్చింది?

కప్ప గుడ్ల నుంచి వచ్చింది. ఆఫ్రికాలో దొరికే జెనోపస్ అనే కప్ప పచ్చి అండాల్లో టీఎఫ్3ఏ అనే ప్రోటీన్ కుప్పలుగా ఉంటుంది. రైబోజోమ్‌లో భాగమయ్యే 5ఎస్ ఆర్ఎన్ఏను తయారుచేసే జన్యువును పట్టుకుని ఆన్ చేసేది అదే, తయారైన ఆ ఆర్ఎన్ఏను పట్టుకుని దాచిపెట్టేదీ అదే. కేంబ్రిడ్జ్‌లోని ఎంఆర్‌సీ ప్రయోగశాలలో ఆరన్ క్లూగ్ బృందం దీన్ని శుద్ధి చేసినప్పుడు అందులో జింక్ చాలా ఎక్కువగా కనబడింది. 1985లో మిల్లర్, మెక్‌లక్లన్, క్లూగ్ కలిసి ఆ ప్రోటీన్ వరసను పరిశీలించి, దాదాపు 30 అమైనో ఆమ్లాల ముక్క ఒకటే తొమ్మిది సార్లు తిరిగి తిరిగి వస్తోందని, ఒక్కో ముక్కలో రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు దాదాపు ఒకే దూరంలో ఉన్నాయని చూపించారు. ఆ ముక్కలు డీఎన్ఏను వేళ్లలా పట్టుకుంటాయి కాబట్టి ఆ పేరు. క్లూగ్‌కు నోబెల్ బహుమతి దీనికే వచ్చిందని పిల్లలు రాసేస్తుంటారు. కాదు, ఆయనకు 1982లోనే కెమిస్ట్రీలో వచ్చింది, అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ పనికి.

3. అయితే జింక్ డీఎన్ఏను పట్టుకుంటుందన్నమాట?

కాదు! పేరు చూసి అందరూ చేసే పొరపాటే ఇది. జింక్ డీఎన్ఏను తాకనే తాకదు. 30 అమైనో ఆమ్లాల ముక్క తనంతట తాను మడత పడి నిలబడలేదు, లోపల దాన్ని అంటిపెట్టుకుని ఉంచడానికి సరిపడా సరుకు లేదు. ఆ మడత విడిపోకుండా పట్టి ఉంచడమే జింక్ పని, పందిరికి గుంజ ఎలాగో అలా. చదవడం పూర్తిగా ఆల్ఫా హెలిక్స్ మీద బయటికి పొడుచుకొచ్చిన అమైనో ఆమ్లాల పని.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మూడు వారాల పాటు ప్రోటీన్, డీఎన్ఏ కలిపి జెల్ మీద నడిపిస్తుంటే ఒక్కసారి కూడా బంధం కనబడలేదు. ప్రోటీన్ బాగానే ఉంది, డీఎన్ఏ బాగానే ఉంది, గైడ్‌కు ఏం చెప్పాలో తెలియక రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. చివరికి చూస్తే బఫర్‌లో ఈడీటీఏ ఉంది. ఈడీటీఏ లోహాలను లాగేసుకుంటుంది, అది జింక్‌ను ఊడబెరికేస్తే వేలు కాస్తా దారప్పోగులా విడిపోతుంది, ఇంక దేన్ని పట్టుకుంటుంది? బఫర్ మార్చి, కొంచెం జింక్ వేసి, సిస్టీన్లు ఆక్సీకరణ అయిపోకుండా డీటీటీ కూడా వేసి నడిపిస్తే మర్నాడే బ్యాండ్ పైకి జరిగి కనబడింది (ప్రోటీన్ పట్టుకున్న డీఎన్ఏ జెల్‌లో నెమ్మదిగా నడుస్తుంది, అందుకే పైనే ఆగుతుంది). ల్యాబ్‌లో ఇలాంటి ప్రోటీన్లతో పనిచేసే పిల్లలు ముందు బఫర్ సీసా మీద చీటీ చదవండి, మిగతా టెన్షన్ తర్వాత పడొచ్చు.

4. జింకే ఎందుకు? ఇనుమో రాగో అయితే కుదరదా?

ఇనుము, రాగి ఎలక్ట్రాన్లను ఇస్తూ తీసుకుంటూ ఉంటాయి. ఆ పని డీఎన్ఏ పక్కన కూర్చుని చేస్తే హాని చేసే రాడికల్స్ పుట్టొచ్చు. జింక్ అయాన్ అలా మారదు, రెండు ధన ఆవేశాలతో స్థిరంగా ఉంటుంది, నాలుగు మూలలా పట్టుకోనిస్తుంది. డీఎన్ఏకు అంత దగ్గరగా పెట్టుకోవడానికి నెమ్మదైన లోహం కావాలి, అది జింక్.

5. డీఎన్ఏ మెలిక విప్పకుండానే లోపలి అక్షరాలు ఎలా తెలుస్తాయి?

చాలామంది బుర్రలో ఉండే బొమ్మ ఏమిటంటే, నిచ్చెన మెట్లు లోపల దాక్కుని ఉంటాయి, చదవాలంటే జిప్ లాగినట్టు తెరవాలి అని. కాపీ చేసుకోవడానికి తెరవాలి, నిజమే. గుర్తుపట్టడానికి తెరవక్కర్లేదు.

రెండు పేటల తాడు చేతిలోకి తీసుకుని చూడండి, పేటల మధ్య గాడి కనబడుతుంది. డీఎన్ఏకు అలాంటి గాళ్లు రెండు, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. డీఎన్ఏ అక్షరాలు నాలుగు, ఏ (అడెనిన్), టీ (థైమిన్), జీ (గ్వానిన్), సీ (సైటోసిన్). ఏ-టీ జత, జీ-సీ జత మధ్యలో ఒకదానితో ఒకటి కలుసుకున్నా వాటి అంచులు గాడిలోకి బయటపడే ఉంటాయి. ఆ అంచు మీద ఒకచోట హైడ్రోజన్ ఇచ్చే గుంపు, ఒకచోట తీసుకునే గుంపు, ఒకచోట థైమిన్‌కు ఉండే మీథైల్ బొడిపె ఉంటాయి. పెద్ద గాడిలో నాలుగు రకాల జతలకూ, అంటే ఏ-టీ, టీ-ఏ, జీ-సీ, సీ-జీ, ఈ వరస నాలుగు రకాలుగా ఉంటుంది, ఒకటి ఇంకొకటిలా ఉండదు. చిన్న గాడిలో అలా కాదు, ఏ-టీకి, టీ-ఏకి తేడా తెలియదు, జీ-సీకి, సీ-జీకి తేడా తెలియదు. అందుకే జింక్ ఫింగర్ పెద్ద గాడిలోకే దిగుతుంది. ఆల్ఫా హెలిక్స్ లావు కూడా ఆ గాడికి సరిగ్గా పడుతుంది.

మన మిర్చి యార్డులో బస్తాలో చెయ్యి పెట్టి, కాయను వేళ్ల మధ్య నలిపి తేమ ఎంతో చెప్పే వాళ్లను చూశారా? బస్తా కుమ్మరించరు, గుప్పెట్లోకి వచ్చిన నాలుగు కాయలతోనే చెప్పేస్తారు. ఈ ప్రోటీన్ చేసేదీ అలాంటి పనే, తడిమి తెలుసుకోవడం.

6. సరే, ఏ అమైనో ఆమ్లం ఏ అక్షరాన్ని పడుతుంది?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. 1991లో పావ్లెటిచ్, పాబో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జిఫ్268 అనే ఎలుక ప్రోటీన్‌ను డీఎన్ఏ పట్టుకుని ఉండగా స్ఫటికం చేసి, ఎక్స్‌రేలతో 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూశారు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). అంతకుముందు అందరూ ఊహించుకుంటున్నది అప్పుడు కళ్లకు కనబడింది. దానికి మూడు వేళ్లు, అవి కూర్చునే చోటు తొమ్మిది అక్షరాలు: జీసీజీ టీజీజీ జీసీజీ. వేలికి మూడు అక్షరాల వాటా.

హెలిక్స్ మొదలయ్యే చోటును 1 అని లెక్కపెడితే, దానికి ఒక అడుగు ముందున్న అమైనో ఆమ్లాన్ని -1 అంటారు. సున్నా లేదు, అది గుర్తుపెట్టుకోండి. -1, 3, 6 స్థానాల్లో ఉన్నవి హెలిక్స్‌కు ఒకే పక్కకు తిరిగి గాడిలోకి చూస్తాయి. 6లో ఉన్నది మూడక్షరాల్లో మొదటిదాన్ని, 3లో ఉన్నది మధ్యదాన్ని, -1లో ఉన్నది చివరిదాన్ని తాకుతాయి. జిఫ్268లో మొదటి వేలు, మూడో వేలు జీసీజీ మీద కూర్చుంటాయి. రెండింట్లోనూ -1లో ఆర్జినిన్, 6లో ఆర్జినిన్, ఒక్కోటి ఒక్కో జీని పట్టుకుంటుంది. మధ్యలో సీ ఎదురుగా 3లో గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది కానీ అక్కడ పట్టు ఆర్జినిన్లంత గట్టిది కాదు. రెండో వేలు టీజీజీ మీద: -1 ఆర్జినిన్ చివరి జీని, 3లో ఉన్న హిస్టిడిన్ మధ్య జీని పట్టుకుంటాయి, 6లో ఉన్న థ్రియోనిన్ మాత్రం టీని తాకదు.

ఆర్జినిన్‌కు జీ అంటే అంత ఇష్టం ఎందుకు? ఆర్జినిన్ కొసన రెండు చేతుల్లా రెండు హైడ్రోజన్ ఇచ్చే గుంపులుంటాయి, గ్వానిన్ అంచున వాటిని తీసుకునే చోట్లు రెండు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకేసారి కలుస్తాయి. ఆస్పరజిన్‌కు అడెనిన్‌తో అలాంటి జోడీయే, ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకుంటుంది. ఈ రెండు జోడీలు కుదురుతాయని 1976లోనే సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ కాగితం మీద గీసి చెప్పారు, అప్పటికి జింక్ ఫింగర్ అనే మాటే లేదు. నాకు ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకొక చిన్న ముక్క. 2వ స్థానంలో తరచుగా ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. అది పక్కనున్న -1 ఆర్జినిన్‌ను కదలకుండా సరైన కోణంలో నిలబెడుతుంది, అంతేకాక రెండో పేటలో, పక్క వేలి వాటా మొదలయ్యే జతను కూడా తాకుతుంది. అంటే వేళ్ల వాటాలు గట్టు వేసినట్టు విడివిడిగా లేవు, ఒకదాని కాలు ఇంకొకదాని పొలంలో పడుతుంది. తొమ్మిదో ప్రశ్నలో దీని అవసరం వస్తుంది.

7. మూడు అక్షరాలు అన్నారు, అంటే కోడాన్ అన్నమాట?

కాదండీ. ఈ ఒక్క పొరపాటుతో ఎన్ని మార్కులు పోతాయో. కోడాన్ అనేది ఎంఆర్ఎన్ఏ మీద ఉంటుంది, రైబోజోమ్ చదువుతుంది, ఒక అమైనో ఆమ్లానికి గుర్తు. ఇక్కడ ప్రోటీన్ అప్పటికే తయారై ఉంది, అది వచ్చి రెండు పేటల డీఎన్ఏ మీద మూడు జతలను తడుముతోంది. జీసీజీ కోడాన్ అయితే అలనిన్‌కు గుర్తు, జింక్ ఫింగర్ దగ్గర జీసీజీకి అలనిన్‌తో సంబంధమే లేదు. రెండు చోట్లా మూడు అనే అంకె ఉండటం వట్టి యాదృచ్ఛికం.

8. వేళ్లు తలకిందులుగా కూర్చుంటాయని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా?

నిజమే. ప్రోటీన్‌ను మనం ఎన్ చివర నుంచి సీ చివరకు రాస్తాం, డీఎన్ఏను 5 ప్రైమ్ నుంచి 3 ప్రైమ్‌కు రాస్తాం, ఇవన్నీ ఆ గొలుసుల రెండు కొసల పేర్లే. మొదటి వేలు 3 ప్రైమ్ వైపున్న మూడు అక్షరాలను పట్టుకుంటుంది, చివరి వేలు 5 ప్రైమ్ వైపు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివినట్టు అనుకుంటే గుర్తుంటుంది. కొత్తగా వేళ్లు డిజైన్ చేసేవాళ్లు ఇది మర్చిపోతే ప్రోటీన్ మొత్తం పనికిరాకుండా పోతుంది.

9. అలాగైతే అక్షరానికి ఒక అమైనో ఆమ్లం చొప్పున పట్టిక రాసుకుంటే ఏ డీఎన్ఏకైనా వేలు తయారు చేసుకోవచ్చు కదా?

1990ల మొదట్లో చాలామంది అలాగే ఆశపడ్డారు, సగం వరకు నిజమైంది కూడా. 1994లో చూ, క్లూగ్ ఇద్దరూ, అదే ఏడాది పాబో బృందమూ ఫేజ్ డిస్‌ప్లే పద్ధతిలో లక్షల రకాల వేళ్లను వైరస్ల ఒంటి మీద నిలబెట్టి, కావాల్సిన డీఎన్ఏను ఎర వేసి, పట్టుకున్నవాటిని ఏరుకున్నారు. జీ ఉంటే ఆర్జినిన్, మధ్యలో ఏ ఉంటే ఆస్పరజిన్, ఇలా కొన్ని నియమాలు బయటపడ్డాయి.

కానీ అది పట్టిక కాదు, వ్యాకరణం. మన తెలుగు సంధి గుర్తు తెచ్చుకోండి. "వాడు", "ఎక్కడ" విడివిడిగా ఉన్నప్పుడు ఒకలా ఉంటాయి, పక్కపక్కన పెడితే "వాడెక్కడ" అయిపోతుంది, ఉకారం ఎటు పోయిందో చూడకుండా అక్షరానికి అక్షరం చదివితే తప్పుతుంది. వేళ్లూ అంతే. ఇందాక చెప్పిన 2వ స్థానం పక్క వాటాను తాకుతుంది కాబట్టి, ఒక వేలు బాగా పనిచేయడం పక్కన ఏ వేలు ఉందనే దాని మీద ఆధారపడుతుంది. పైగా అమైనో ఆమ్లం పొడుగును బట్టి హెలిక్స్ కొంచెం వంగొచ్చు, మధ్యలో నీటి అణువు దూరి రెండింటినీ కలపొచ్చు. జీలు ఎక్కువగా ఉన్న వరసలకు వేళ్లు సులువుగా దొరికాయి, మిగతావాటికి చాలా కష్టపడ్డారు. నా అభిప్రాయం అడిగితే, ఈ పాఠంలో అందరికంటే ముందు చెప్పాల్సింది ఇదే. కోడ్ అనే మాట విని తాళం-తాళంచెవి లాంటి లెక్క అనుకుంటే తర్వాత ఏదీ సరిగ్గా అర్థం కాదు.

10. ఒక చోటును కచ్చితంగా గుర్తుపట్టాలంటే ఎన్ని వేళ్లు కావాలి?

లెక్క వేద్దాం. నాలుగు అక్షరాలు, తొమ్మిది స్థానాలు అంటే 2,62,144 రకాల వరసలు. మనిషి జీనోమ్ దాదాపు 300 కోట్ల జతలు. కాబట్టి మూడు వేళ్ల ప్రోటీన్‌కు సరిపోయే వరస వట్టి సంభావ్యత మీదే 11 వేల చోట్లకు పైగా దొరుకుతుంది, రెండో పేటను కూడా లెక్కేస్తే అంతకు రెట్టింపు. ఆరు వేళ్లకు 18 అక్షరాలు, అంటే 6,872 కోట్ల రకాలు. ఇప్పుడు జీనోమ్‌లో ఆ చోటు ఒక్కటే ఉండే అవకాశం ఎక్కువ.

అయితే వేళ్లు కుట్టుకుంటూ పోతే సరిపోదు. వేలికీ వేలికీ మధ్య ఐదు అమైనో ఆమ్లాల చిన్న దారం ఉంటుంది, ఎక్కువగా అది టీజీఈకేపీ, అంటే థ్రియోనిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం, లైసిన్, ప్రోలిన్. జడ చుట్టూ మల్లెదండ చుట్టినట్టు ప్రోటీన్ గాడి వెంబడి తిరుగుతూ పోతుంది, కానీ దండకు ఉన్న మెలికా డీఎన్ఏ మెలికా సరిగ్గా ఒకటి కాదు. మూడు వేళ్ల దాకా సర్దుకుంటుంది, ఆ తర్వాత ఒత్తిడి పెరుగుతుంది. అందుకే క్లూగ్ బృందం తర్వాత రెండేసి వేళ్ల ముక్కలు చేసి, మధ్య మధ్యలో దారం కొంచెం పొడుగు పెట్టి కలిపింది, దాంతో పట్టు కుదిరింది.

ఈ దారాన్ని తక్కువగా చూడొద్దు. డబ్ల్యూటీ1 అనే ప్రోటీన్‌లో మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య దారంలోకి కేటీఎస్ అనే మూడు అమైనో ఆమ్లాలు చేరితే డీఎన్ఏ మీద పట్టు బాగా తగ్గిపోతుంది. మన శరీరం ఆ రెండు రకాలనూ కావాలనే తయారుచేసుకుంటుంది, కిడ్నీలూ జననాంగాలూ సరిగ్గా ఏర్పడాలంటే రెండూ కావాలి.

11. ఇన్ని కోట్ల అక్షరాల్లో తన చోటును ఎలా వెతుక్కుంటుంది?

మొదట ఎక్కడో ఒకచోట వదులుగా అంటుకుంటుంది, ఎందుకంటే డీఎన్ఏ వెన్నెముక రుణ ఆవేశం, వేళ్ల మీద ధన ఆవేశాలు చాలా. అలా జారుతూ, అప్పుడప్పుడు పక్క పోగు మీదికి దూకుతూ వెళ్తుంది. జిఫ్268నే మనిషిలో ఈజీఆర్1 అంటారు. అది సంబంధం లేని డీఎన్ఏ మీద జారుతున్నప్పుడు మొదటి వేలు ఎక్కువసేపు పైకి లేచే ఉంటుందని, మిగతా రెండు వేళ్లే ఆని ఉంటాయని ఎన్ఎంఆర్ (అయస్కాంతంతో అణువుల కదలికను చూసే పద్ధతి) పరిశోధనలు చూపించాయి. సరైన చోటు తగిలినప్పుడు మూడూ దిగుతాయి. బెసెంట్ రోడ్డులో జనంలో నడుస్తూ బోర్డులన్నీ ఆగి చదవం కదా, అలా కళ్లు తిప్పుకుంటూ పోయి మనకు కావాల్సింది కనబడగానే ఆగుతాం.

ఇంకో సంగతి, డీఎన్ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చోటు ఉన్నా మూసి ఉంటే చాలా ప్రోటీన్లు చేరలేవు.

12. డీఎన్ఏకు మీథైల్ అంటుకుంటే ఏమవుతుంది?

ప్రోటీన్‌ను బట్టి. 11 వేళ్లున్న సీటీసీఎఫ్ అనే ప్రోటీన్ కూర్చునే చోట్లు కొన్నింట్లో సీకి మీథైల్ పడితే అది కూర్చోదు. జెడ్ఎఫ్‌పీ57 అయితే సరిగ్గా తిరగేసి, టీజీసీసీజీసీ వరసలో మీథైల్ ఉంటేనే పడుతుంది. పెద్ద గాడిలో ఆ బొడిపె కూడా తడిమి చూసేదే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

13. అన్ని జింక్ ఫింగర్లూ డీఎన్ఏ కోసమేనా?

కాదు. కొన్ని ఆర్ఎన్ఏను పడతాయి, రింగ్, లిమ్ లాంటి రకాలు వేరే ప్రోటీన్లను పడతాయి. డీఎన్ఏ పట్టేవాటిలోనూ అమరిక వేరే ఉంటుంది, ఈస్ట్రోజెన్ రిసెప్టార్‌లో జింక్‌ను నాలుగు సిస్టీన్లు పట్టుకుంటాయి, ఈస్ట్‌లోని గాల్4లో ఆరు సిస్టీన్లు రెండు జింక్‌లను పంచుకుంటాయి. పై జవాబులన్నీ రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్ల రకం గురించి.

14. ఒక్క అక్షరం మారితే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది, రెండు వైపుల నుంచీ. ప్రోటీన్ వైపు చూస్తే, డబ్ల్యూటీ1 మూడో వేలిలో 394వ ఆర్జినిన్ పోయి ట్రిప్టోఫాన్ వస్తే జీని పట్టే చెయ్యే పోయినట్టు, డెనిస్-డ్రాష్ సిండ్రోమ్ అనే జబ్బు వస్తుంది, పసిపిల్లల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. డీఎన్ఏ వైపు ఉదాహరణ కింది ప్రశ్నలో ఉంది.

15. మేడమ్, మా బాబుకు తలసీమియా. ఈ జింక్ ఫింగర్ మందు గురించి విన్నాం, మాకు ఉపయోగపడుతుందా?

విజయవాడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది, ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. అమ్మా, మీరు విన్నదాని వెనక ఉన్న సంగతి ఇది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక నెలల్లో అది ఆగిపోయి పెద్దవాళ్ల రకం మొదలవుతుంది. బీటా రకం తలసీమియాలో, సికిల్ సెల్‌లో చెడిపోయింది ఈ పెద్దవాళ్ల రకమే. పాతదాన్ని ఆపేసేది బీసీఎల్11ఏ అనే జింక్ ఫింగర్ ప్రోటీన్. దాని వేళ్లు పసినాటి హిమోగ్లోబిన్‌కు కావాల్సిన గామా గ్లోబిన్ జన్యువు ముందున్న టీజీఏసీసీఏ అనే వరసను పట్టుకుంటాయి. కొందరికి పుట్టుకతోనే అందులో జీ పోయి ఏ ఉంటుంది. ఆ ఒక్క అక్షరం వల్ల బీసీఎల్11ఏ అక్కడ సరిగ్గా కూర్చోలేదు, పసినాటి హిమోగ్లోబిన్ జీవితాంతం ఎక్కువగా వస్తూనే ఉంటుంది, వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు.

ఈ గమనిక మీదే చికిత్స వచ్చింది. రోగి సొంత రక్త మూలకణాలు తీసి, ఎర్ర రక్తకణాల్లో బీసీఎల్11ఏను ఆన్ చేసే స్విచ్‌ను క్రిస్పర్‌తో (డీఎన్ఏను కోరిన చోట కోసే పనిముట్టు) కత్తిరించి తిరిగి ఎక్కిస్తారు. క్యాస్‌జెవీ అనే ఆ చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్‌లో రెండు జబ్బులకూ, అమెరికాలో సికిల్ సెల్‌కు అనుమతి వచ్చింది, అమెరికాలో తలసీమియాకు 2024 జనవరిలో వచ్చింది. అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. దానికి ముందు గట్టి కీమోథెరపీ కూడా ఉంటుంది. కాబట్టి ఇవాళ్టికి మీ బాబుకు కావాల్సింది టైముకు రక్తం, ఒంట్లో ఇనుము పేరుకోకుండా మందులు, ఎముక మజ్జ మార్పిడికి తోబుట్టువుల హెచ్ఎల్ఏ (కణాల మీది గుర్తులు) సరిపోతుందేమో చూపించుకోవడం. వీటిలో ఏదీ ఆపకండి. మీ హెమటాలజిస్టును అడిగే ముందు ఈ సంగతులు తెలిసి ఉంటే మాట్లాడటం సులువవుతుందని ఇంత రాశాను.

16. మన వరికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

మా బాబాయి తెనాలి దగ్గర వ్యవసాయం చేస్తారు. "జింక్ అంటే మాకు తెలిసింది జింక్ సల్ఫేటేగా అమ్మాయ్" అన్నారు. అది వేరే, జింక్ లోపం వస్తే వరి ఆకు మీద తుప్పు మచ్చలు పడి ఎదగదు, దానికి చల్లేది. కానీ వరిలో జింక్ ఫింగర్ ప్రోటీన్లూ ఉన్నాయి, వాటిలో డీఎస్‌టీ అనేది మనకు చాలా దగ్గరది. ఆకు మీది రంధ్రాలు ఎంత తెరుచుకోవాలో నిర్ణయించడంలో దానికి వాటా ఉంది. అది పనిచేయకపోతే రంధ్రాలు ఎక్కువగా మూసుకుని, మొక్క నీరు దాచుకుని కరువును, ఉప్పును తట్టుకుంటుందని 2009లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. మన దేశంలో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంటీయూ 1010లో, అదే మన కాటన్ దొర సన్నాల్లో, ఆ జన్యువును క్రిస్పర్‌తో మార్చి పూసా డీఎస్‌టీ రైస్ 1 తయారుచేసింది. 2025 మే 4న ప్రకటించారు. మార్టేరులో పుట్టిన రకం కదా అది!

అదే రోజు ప్రకటించిన రెండోది కమల. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో సీకేఎక్స్2 జన్యువును మార్చి చేసింది, గింజలు ఎక్కువ రావడానికి. సాంబ మసూరి బాపట్లలో పుట్టింది, అప్పటికి బాపట్ల మన గుంటూరు జిల్లాయే. ఇంకా బాగుండే సంగతి, ఆ సీకేఎక్స్2ను ఆన్ చేసే ప్రోటీన్లలో డీఎస్‌టీ ఒకటని 2013లో తేలింది. అంటే రెండు రకాల్లోనూ ఒకే గొలుసులోని రెండు లింకులను తాకారు. బాబాయికి ఇది చెప్పినప్పుడు చాలాసేపు అడుగుతూనే ఉన్నారు. పొలంలో ఎలా వస్తుందనేది ఆయన చూసి చెప్పాల్సిన మాట.

17. క్రిస్పర్ వచ్చాక జింక్ ఫింగర్లతో పనేముంది?

డీఎన్ఏను మనం ఎంచుకున్న చోట కత్తిరించేలా తయారుచేసుకున్న పనిముట్లలో ముందు వచ్చినవి ఇవే. 1996లో జాన్స్ హాప్కిన్స్‌లో శ్రీనివాసన్ చంద్రసేగరన్ బృందం జింక్ ఫింగర్లకు ఫాక్1 అనే బ్యాక్టీరియా ఎంజైమ్ కత్తెరను అతికించింది. ఫాక్1 జంటగా ఉంటేనే కోస్తుంది, కాబట్టి రెండు ప్రోటీన్లు రెండు పక్కల నుంచి వచ్చి కలవాలి. 2014లో 12 మంది హెచ్ఐవీ రోగుల సొంత టీ కణాల్లో (రోగనిరోధక కణాలు), హెచ్ఐవీ లోపలికి దూరడానికి వాడుకునే సీసీఆర్5 జన్యువును ఇలా మార్చి తిరిగి ఎక్కించిన ఫలితాలు వచ్చాయి. క్రిస్పర్‌లో 20 అక్షరాల గైడ్ ఆర్ఎన్ఏ మారిస్తే చాలు, ఇక్కడ ప్రోటీన్‌నే కొత్తగా తయారుచేయాలి, సంధి సూత్రాల తలనొప్పితో సహా. ల్యాబ్‌లో రోజువారీ పనికి క్రిస్పరే సులువు, సందేహం లేదు. కానీ జింక్ ఫింగర్ చాలా చిన్నది, చిన్న వైరస్‌లో సర్దుకుంటుంది, పైగా మన ఒంట్లో ఇప్పటికే ఉన్న రకం ప్రోటీన్. జన్యువును కోయకుండా ఆపడానికో పెంచడానికో వాడాలనుకునే వాళ్లు అందుకే ఇప్పటికీ దీన్ని వదల్లేదు.

18. జింక్ మాత్రలు వేసుకుంటే ఈ ప్రోటీన్లు బాగా పనిచేస్తాయా?

లోపం లేనివాళ్లకు అలాంటిదేమీ ఉండదు. ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో తింటే రాగి ఒంటికి పట్టదు, రక్తహీనత రావొచ్చు. పిల్లలకు విరేచనాలప్పుడు ఓఆర్ఎస్‌తో పాటు డాక్టర్లు 14 రోజులు జింక్ ఇస్తారు, అది మంచిదే, పూర్తిగా వాడండి.

19. ఇదంతా కళ్లతో చూడొచ్చా?

చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్‌లోనే. ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 1ఏఏవై అని వెతకండి, జిఫ్268 డీఎన్ఏ మీద కూర్చున్న రూపం, 1.6 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వస్తుంది. ముందు మూడు జింక్ గోళీలు కనబడతాయి, అవి డీఎన్ఏకు ఎంత దూరంగా ఉన్నాయో చూడండి. తర్వాత 46వ అమైనో ఆమ్లాన్ని నొక్కండి, అది రెండో వేలి -1 ఆర్జినిన్. దాని రెండు కొసలూ ఎదురుగా ఉన్న గ్వానిన్ వైపు చాచి ఉంటాయి. పక్కనే 48 దాన్ని పట్టి నిలబెడుతూ ఉంటుంది. 49 హిస్టిడిన్ మధ్య జీ మీద. బొమ్మను నెమ్మదిగా తిప్పుతూ గాడిలోంచి చూస్తే, మెలిక ఎక్కడా విప్పుకోలేదని కూడా కనబడుతుంది.